గుడికి ఎడమవైపు ఏముంది?

జపనీస్ నేర్చుకుంటున్న ఒక పాఠకురాలు, వేచి ఉండడాన్ని తెలిపే కంజీని (చైనా నుంచి వచ్చిన జపనీస్ అక్షరాన్ని), పట్టుకోవడాన్ని తెలిపే కంజీని ఎన్నిసార్లు దిద్దినా ఒకదాన్ని మరొకటిగా చదువుతున్నాననీ, దీనికి మార్గమేమిటనీ అడిగారు. అక్షరాన్ని మొత్తంగా ఒక బొమ్మలా చూడడం మాని, విడదీసి చదవడమే ఆ మార్గం.

ఈ రెండింటిలోనూ కుడివైపున్నది బౌద్ధాలయాన్ని తెలిపే ఆరు గీతల అక్షరం. దాని ఉచ్చారణ 'జి'. దానికి ఎడమవైపు సూర్యుణ్ణి చేరిస్తే సమయం, మాటను చేరిస్తే కవిత, ఎద్దును చేరిస్తే ప్రత్యేకం, మనిషిని చేరిస్తే సమురాయ్, చేతిని చేరిస్తే పట్టుకోవడం, నడకను చేరిస్తే వేచి ఉండడం అవుతాయి. కుడి భాగం ధ్వనిని సూచిస్తుంది, ఎడమ భాగం అర్థం ఏ కోవకు చెందినదో చెబుతుంది. కంజీలలో అత్యధికం ఇలా కట్టినవే. సమయం, సమురాయ్, పట్టుకోవడం అనే మూడింటికీ చైనా నుంచి వచ్చిన ఉచ్చారణ నేటికీ 'జి'యే, కవితకు 'షి'. వేచి ఉండడం 'తాయ్' గాను, ప్రత్యేకం 'తోకు' గాను వినిపించడానికి కారణం, ఒకప్పుడు దగ్గరగా ఉన్న చైనా ఉచ్చారణలు కాలక్రమంలో తలో దారి పట్టడమే.

బోధించేవారు ఇక్కడ కథలు అల్లుతారు. గుడి గంటతో వేళ తెలుస్తుంది కనుక సూర్యుడూ గుడీ కలిసి సమయం అయ్యాయంటారు. ముచ్చటైన కథే గాని చరిత్ర కాదు: ప్రాచీన చైనాలో ఆ అక్షరానికి ప్రభుత్వ కార్యాలయమని అర్థం ఉండేది, బౌద్ధం వచ్చిన తరువాతే అది ఆలయానికి పేరైంది. అంతకన్నా పెద్ద చిక్కు, గుడి అన్నింటిలోనూ ఉండడం. సమురాయ్ గుడికి కాపలా ఉన్నాడనీ, భక్తుడు గుడి ముందు వేచి ఉన్నాడనీ, ఇంకొకరు గుడిలో దీపం పట్టుకున్నారనీ వల్లిస్తే, పరీక్షలో మూడు కథలూ కలగాపులగమవుతాయి. తేడా ఎక్కడుందో జ్ఞాపకాన్ని అక్కడే ముడివేయాలి. మన పిల్లలకు థ, ధ నేర్పేటప్పుడు ఆకారమంతా వర్ణించము, పొట్టలో చుక్క ఉందా అని అడుగుతాము.

'కాస్త ఆగండి' అనే 'చొత్తో మత్తె కుదసాయ్'లో 'మ'ను వేచి ఉండడమనే కంజీతోనూ ('తాయ్' కాక దానికున్న సొంత జపనీస్ ఉచ్చారణ ఇది), 'త్తె'ను ధ్వనులను రాసే హిరగానా లిపిలోనూ రాస్తారు. నడకకు బదులు చెయ్యి రాస్తే అది 'మొత్తె' అయి, 'కాస్త పట్టుకోండి' అని అర్థం వస్తుంది. వాక్యంలో మిగిలినదంతా ఉన్నది ఉన్నట్టే ఉంటుంది! రెండూ తొమ్మిదేసి గీతలవి కనుక లెక్కపెట్టినా తేలదు. చేతికి మొదట అడ్డగీత, తరువాత అడుగున కొక్కెంలా తిరిగే నిలువుగీత, చివర పైకి లేచే ఏటవాలు గీత ఉంటాయి. నడకకు రెండు వాలుగీతలు, ఒక నిలువుగీత. అది నాలుగు దారుల కూడలి బొమ్మలోని ఎడమ సగం. మనిషికి వాలుగీత ఒక్కటే, కనుక సమురాయ్‌కి మొత్తం ఎనిమిది గీతలే. సమురాయ్ అనే మాటకు మూలమైన క్రియకు పెద్దల చెంత ఉండి సేవించడమని అర్థం కాబట్టి, అక్కడ మనిషి నిలబడడం ఎంతో సహజంగా ఉంది.

విడదీయడానికి భాగాలు లేని జంటలూ ఉన్నాయి. చెట్టును తెలిపే అక్షరం మీద ఇంకో అడ్డగీత చేర్చినప్పుడు, పైగీత పొట్టిదైతే 'ఇంకా కానిది', పొడుగుదైతే 'చివర' అని అర్థం. రెండింటిలోనూ మొదట రాసేది ఆ పైగీతే. అందుచేత మొదటిదాన్ని భవిష్యత్తు అనే అర్థమున్న 'మిరాయ్'తోనూ, రెండోదాన్ని వారాంతమనే 'షూమత్సు'తోనూ కలిపి, మాటను పైకి పలుకుతూనే తొలి గీత గీయడం మేలు.