నుదుటి రాతా, కుడికాలి పనా?

కావలిలో డ్రైవింగ్ నేర్పించబట్టి 14 ఏళ్లు. అంతకుముందు కృష్ణపట్నం పోర్టు లారీ తోలాను. నా దగ్గరికి వచ్చేవాళ్లకు క్లచ్ తెలియకపోయినా కొన్ని నమ్మకాలు మాత్రం బాగా తెలుసు.

అపోహ: "రాసిపెట్టి ఉంటే ఇంట్లో కూర్చున్నా పోతాం."

ఈ మాట నేనెప్పుడూ గుద్దినవాడి వైపు నుంచే విన్నాను, దెబ్బతిన్నవాళ్ల ఇంట్లో వినలేదు. లెక్క చూడండి. గంటకు 80లో పోయే కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. గొడ్డు అడ్డమొచ్చిందని కంటికి ఆని, కాలు బ్రేకు మీదికి వచ్చేసరికి సెకనున్నర పడుతుందనుకుంటే 33 మీటర్లు అయిపోయినట్టే. బ్రేకు తొక్కాక ఇంకో 35 దాకా కావాలి. అదే 40లో అయితే మొత్తం కలిపి 26 మీటర్లలో ఆగుతుంది. అదీ టైర్లు బాగుండి, రోడ్డు పొడిగా ఉంటేనే. ఆ 80ని ఎంచుకున్నది బ్రహ్మ కాదు.

కోతలప్పుడు మనవైపు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. (రాత్రికి ఆ రాళ్లు తీయని రైతుకీ ఇందులో వాటా ఉంది, కోపమొచ్చినా సరే.) కానీ లైటు పడినంత దూరంలో ఆగలేని స్పీడులో పోయేవాడు రాయి మీదికి నెట్టేస్తే ఎట్లా?

అపోహ: "స్పీడుగా పోతే టైం కలిసొస్తుంది."

కావలి నుంచి నెల్లూరు 60 కిలోమీటర్లనుకోండి. 80లో 45 నిమిషాలు, 100లో 36. మిగిలిన ఆ తొమ్మిది నిమిషాలూ నెల్లూరులోని ఆత్మకూరు బస్టాండు ట్రాఫిక్‌లో ఇచ్చేస్తాం.

అపోహ: "ఇన్సూరెన్స్ ఉందిగా!"

అది డబ్బు కడుతుంది, జైలుకు పోదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద, నిర్లక్ష్యంగా తోలి ప్రాణం తీస్తే అయిదేళ్ల దాకా శిక్ష. పాత చట్టంలో రెండేళ్లే.

అపోహ: "మావాడు పదో తరగతే గానీ భలే తోలతాడు."

ఈ మాటనే తండ్రులంటేనే నాకు భయం. మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత, మైనరు బండి తోలి నేరం చేస్తే గార్డియన్‌కో ఓనరుకో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. పిల్లోడికి 25 నిండేదాకా లైసెన్సు రాదు.

మొన్న సంక్రాంతికి మా వీధిలో ఒకాయన నా ముందే కొడుకు చేతికి తాళాలిచ్చాడు. "సందు చివరిదాకేలే అన్నా" అన్నాడు. లాక్కుని నా జేబులో వేసుకున్నా. ఇప్పటికీ నాతో మాట్లాడడు.