మాజీ సైనికుల పార్కు పాసు: ఉత్తర్వు చట్టమైన ఏడాది

2026 జనవరి 1 నుంచి అమెరికా నేషనల్ పార్కుల రేట్లు మారాయి. అక్కడ నివసించేవారికి వార్షిక పాసు ఎప్పటిలా 80 డాలర్లే, బయటి దేశాలవారికి 250. గ్రాండ్ కాన్యన్, ఎల్లోస్టోన్, యోసెమిటీ సహా 11 పార్కుల్లో, ఆ పాసు లేని విదేశీయులు మనిషికి మరో 100 డాలర్లు కట్టాలి. ఉచిత ప్రవేశ దినాల్లోంచి మార్టిన్ లూథర్ కింగ్ డే, బానిసత్వం ముగిసినందుకు జరుపుకునే జూన్‌టీన్త్ పోయి, ట్రంప్ పుట్టినరోజైన జూన్ 14 చేరింది. దాంతో ఎవరికి ఉచితం, ఎవరికి కాదన్న పాత గొడవ మళ్లీ లేచింది. ఇంత మార్పులోనూ మాజీ సైనికుల ఉచిత జీవితకాల పాసు చెక్కుచెదరలేదు. కారణం 2021 డిసెంబర్‌లో ఉంది.

2012 మేలో సర్వీసులో ఉన్న సైనికులకు, వారిపై ఆధారపడిన కుటుంబ సభ్యులకు ఏడాది పాసు ఉచితం చేశారు. రిటైరైనవారు ఆ లెక్కలోకి రాలేదు. 2020 నవంబర్ 11న, మాజీ సైనికుల దినమైన వెటరన్స్ డే నాడు, నేషనల్ పార్కులను చూసే నాటి ఇంటీరియర్ మంత్రి డేవిడ్ బెర్న్‌హార్ట్ వారికీ గేటు తెరిచారు. అయితే అది మంత్రి నిర్ణయం. తర్వాత వచ్చే మంత్రి ఒక్క సంతకంతో వెనక్కి తీసుకోవచ్చు. ఉచిత దినాల జాబితా ఇప్పుడు మారింది సరిగ్గా ఇలాగే.

అలెగ్జాండర్ లోఫ్‌గ్రెన్ ఆఫ్ఘనిస్తాన్‌లో పనిచేసిన ఆర్మీ సైనికుడు. తర్వాత అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌లో అరిజోనా డెమొక్రాట్ సభ్యుడు రౌల్ గ్రిహాల్వా కార్యాలయంలో చేరి తోటి మాజీ సైనికుల సమస్యలు చూసేవాడు. 2021 ఏప్రిల్‌లో క్యాంపింగ్‌కు వెళ్లి డెత్ వ్యాలీ నేషనల్ పార్కులో చనిపోయాడు. అయోవా రిపబ్లికన్, స్వయంగా మాజీ సైనికురాలు మారియానెట్ మిల్లర్-మీక్స్ తెచ్చిన బిల్లుకు అతని పేరే పెట్టారు. అది రక్షణ ఖర్చులకు ఏటా అనుమతినిచ్చే చట్టంలో కలిసి, 2021 డిసెంబర్ 27న బైడెన్ సంతకంతో అమల్లోకి వచ్చింది. దీన్ని తీసేయాలంటే మళ్లీ కాంగ్రెసే పూనుకోవాలి. విధుల్లో ప్రాణాలిచ్చినవారి 'గోల్డ్ స్టార్' కుటుంబాలకూ ఇదే హక్కు. జీవితకాల పాసుల పంపిణీ 2022 వెటరన్స్ డే నుంచి మొదలైంది.

ఉచితం పార్కులకు భారమనే వాదన ఉంది. వసూలైన ఫీజులో కనీసం 80 శాతం ఆ పార్కులోనే ఖర్చు పెట్టాలన్నది 2004 చట్టం కాబట్టి అది కొట్టిపారేసేది కాదు. కానీ 400కు పైగా ఉన్న నేషనల్ పార్క్ సర్వీస్ స్థలాల్లో ప్రవేశ రుసుము ఉన్నవి వందకు కాస్త పైన మాత్రమే.

పాసు దగ్గర పేచీ వచ్చేది గుర్తింపు కార్డుతోనే. రక్షణ శాఖ ఐడీ, వెటరన్ హెల్త్ కార్డు, వెటరన్ ఐడీ కార్డు, 'వెటరన్' అని ముద్రించిన రాష్ట్ర డ్రైవింగ్ లైసెన్సు: వీటిలో ఒకటి చూపాలి. డిశ్చార్జి పత్రం డీడీ-214 ఈ జాబితాలో లేదు. దాన్నొక్కటే జేబులో పెట్టుకుని వెళ్తే గేటు దగ్గర చిక్కే. లైసెన్సు రెన్యువల్‌లో ఆ ముద్ర వేయించుకుంటే ఈ బాధ ఉండదు. వాహనానికి ఇంతని వసూలు చేసేచోట కారులో ఉన్నవారంతా, మనిషికి ఇంతనేచోట పాసుదారుతో పాటు మరో ముగ్గురు పెద్దలు వెళ్లొచ్చు. పాసు చేతులు మారకూడదు. అమెరికా సైన్యంలో పనిచేసినవారికే ఇది. భారత సైన్యంలో రిటైరై పిల్లల దగ్గరికి వెళ్లిన తండ్రికి వర్తించదు.

క్యాంపింగ్, పడవల ర్యాంపు, గైడెడ్ టూర్ రుసుములు ఇందులో రావు. మౌంట్ రష్‌మోర్‌లో ప్రవేశ రుసుమే లేదు, పార్కింగ్ డబ్బు మాత్రం పాసు ఉన్నా కట్టాల్సిందే. రాష్ట్ర ప్రభుత్వాల పార్కులకు వాటి నిబంధనలు వాటివే. శాశ్వత వైకల్యం ఉన్న మాజీ సైనికులు ఈ పాసు బదులు ఉచిత యాక్సెస్ పాసు తీసుకోవడం మేలు: ప్రవేశం ఎలాగూ ఉచితమే, చాలాచోట్ల క్యాంపింగ్‌లో సగం తగ్గుతుంది. మిలిటరీ పాసుకు ఆ తగ్గింపు లేదు.