ఊరికో బోర్డు, లోకానికి ఒకే డాట్ కామ్: డొమైన్ పేర్ల తగాదా ఎక్కడ మొదలైంది?

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ కొనాలనుకునే విదేశీ బయ్యర్ చాలాసార్లు ఫ్యాక్టరీ కంటే ముందు వెబ్‌సైట్ చూస్తాడు. అందుకే పాలిషింగ్ యూనిట్ పెట్టేవాళ్లకు జీఎస్టీ నంబరుతో పాటు డొమైన్ పేరు, అంటే వెబ్‌సైట్ చిరునామా కూడా అవసరమైంది. చిక్కు అక్కడే వస్తుంది. మన వ్యాపారాల పేర్లలో దేవుడి పేరో, ఇంటిపేరో, ఊరి పేరో ఉంటుంది. ఒంగోలులో ‘శ్రీ లక్ష్మీ’ ఉంటే కావలిలోనూ ఉంటుంది, నెల్లూరులోనూ ఉంటుంది. ఎవరి బోర్డు వాళ్లది, ఎవరి బేరం వాళ్లది. ట్రేడ్‌మార్క్ చట్టంలోనూ ఇందుకు కొంత చోటుంది. సరుకులను, సేవలను 45 తరగతులుగా విడదీసింది కాబట్టి ఒకే పేరు నగల కొట్టుకూ, రాళ్ల వ్యాపారానికీ విడివిడిగా దక్కవచ్చు. డాట్ కామ్‌లో ఆ వీలు లేదు. ఒక పేరు ప్రపంచం మొత్తానికి ఒక్కరిదే, అదీ ముందు వచ్చినవాళ్లది.

వ్యాపారం ఇంటర్నెట్‌లోకి ఇంతగా రాకముందే ఈ పద్ధతి పెట్టారు. మొదటి డాట్ కామ్ పేరు 1985లో నమోదైంది. 1995 వరకు రిజిస్ట్రేషన్ ఉచితమే. ఆ ఏడాది సెప్టెంబరు నుంచి రెండేళ్లకు 100 డాలర్లు వసూలు చేయడం మొదలుపెట్టారు. పెద్ద కంపెనీలు మేలుకునే లోపే వాటి పేర్లను కొందరు కొని పెట్టుకుని, వదులుకోవడానికి డబ్బు అడగసాగారు. అమెరికాలో పానావిజన్ కంపెనీ ఇలాంటి కేసే 1998లో అప్పీలు కోర్టులో గెలిచింది. అదే ఏడాది ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ ఏర్పడింది, 1999లో యూడీఆర్పీ అనే వివాద పరిష్కార విధానం తెచ్చింది. ఫిర్యాదు చేసేవాళ్లు మూడు సంగతులు రుజువు చేయాలి: పేరు తమ ట్రేడ్‌మార్కును పోలి జనాన్ని తికమక పెడుతోందని, అవతలివారికి దానిపై న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతోనే రిజిస్టర్ చేసి వాడుతున్నారని.

మన దేశంలో అప్పటికి దీనికి చట్టమే లేదు. 1999లో వేరొకరు తీసుకున్న యాహూఇండియా డాట్ కామ్ మీద యాహూ కంపెనీ వేసిన కేసు ఢిల్లీ హైకోర్టుకు వచ్చింది. యాహూ అనేది నిఘంటువులో ఉన్న మాటేననీ, పాత ట్రేడ్‌మార్క్ చట్టం సరుకులకే తప్ప సేవలకు వర్తించదనీ ప్రతివాది వాదించాడు. కోర్టు ఒప్పుకోలేదు. ఒకరి పేరు చాటున మరొకరు వ్యాపారం చేయకూడదన్న ‘పాసింగ్ ఆఫ్’ సూత్రం ఇంటర్నెట్‌కూ వర్తిస్తుందని చెప్పింది. 2001లో మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ పేరుతో వేరొకరు డొమైన్ తీసుకుంటే, అదే హైకోర్టు అడ్డుకుంది.

అసలు మలుపు 2004లో సుప్రీంకోర్టు తీర్పు. సత్యం ఇన్ఫోవే కంపెనీకి 1999 నుంచి ‘సిఫీ’ పేరుతో డొమైన్లు ఉన్నాయి. తర్వాత ఇంకో సంస్థ ‘సిఫ్ఫీనెట్’ అని తీసుకుంది. తమ ఐదుగురు ప్రమోటర్ల పేర్లలోని మొదటి అక్షరాలు కలిపి ఆ పేరు పెట్టుకున్నామని వాదించింది. బెంగళూరు సివిల్ కోర్టు సత్యం పక్షాన ఉత్తర్వు ఇస్తే, కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టు మళ్లీ మొదటి ఉత్తర్వునే నిలబెట్టింది. అక్షరాల కథను నమ్మలేదు. డొమైన్ పేరు ఉత్త చిరునామా కాదనీ, ట్రేడ్‌మార్క్ లక్షణాలన్నీ దానికి ఉండవచ్చనీ తేల్చింది. పిల్లల పేర్లు కలిపి కంపెనీ పేరు పెట్టే అలవాటున్న మనం ఈ తీర్పును బాగా గుర్తుపెట్టుకోవాలి. పేరు ఎలా పుట్టిందన్నది ఒక్కటే చాలదు, అది వినేవాళ్లకు ఎవరిదిగా తోస్తుందన్నదీ చూస్తారు.

వినిపించే తీరుతోనే మనకు ఇంకో ఇబ్బంది. ఇంగ్లీషులో లక్ష్మిని ఎక్స్‌తో రాసేవాళ్లున్నారు, కేఎస్‌హెచ్‌తో రాసేవాళ్లున్నారు. చీమకుర్తికీ రెండు మూడు స్పెల్లింగులు వాడుకలో ఉన్నాయి. కంప్యూటర్‌కు అవన్నీ వేర్వేరు పేర్లు, అడిగినవాళ్లకల్లా ఇచ్చేస్తుంది. కోర్టు చెవికి మాత్రం ఒకటే. డొమైన్ దొరికింది కాబట్టి పేరు మనదే అనుకోవడం అందుకే ప్రమాదం.

అలాగని పెద్ద కంపెనీ అడిగిందల్లా న్యాయమూ కాదు. అమెరికాలో ఉజీ నిస్సాన్ అనే చిన్న వ్యాపారి 1994లో తన ఇంటిపేరుతో డాట్ కామ్ తీసుకున్నారు. 1999లో కార్ల కంపెనీ కేసు వేసింది. ఏళ్ల తరబడి కోర్టు ఖర్చులు భరించి ఆయన పేరు నిలబెట్టుకున్నారు. సొంత పేరును నిజాయితీగా వాడుకునేవాళ్లకు మన ట్రేడ్‌మార్క్ చట్టంలో 35వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ఇంటిపేర్ల మీద నడిచే మన వ్యాపారాలకు ఇది చాలా ముఖ్యం.

మన దేశపు డాట్ ఇన్ పేర్లు 2005లో అందరికీ అందుబాటులోకి వచ్చాయి. మొదట కొన్ని రోజులు ట్రేడ్‌మార్క్ ఉన్నవాళ్లకే అవకాశం ఇచ్చారు. వీటి తగాదాలు డాట్ ఇన్ పేర్లను చూసే నిక్సీ సంస్థ విధానం కింద మధ్యవర్తి ముందుకు వెళ్తాయి. ఇక్కడ దురుద్దేశంతో రిజిస్టర్ చేశారని గానీ, వాడుతున్నారని గానీ ఏదో ఒకటి చూపితే చాలు. డాట్ కామ్‌కు రెండూ చూపాలి. పైగా ఇలాంటి ఫిర్యాదులు తీసుకునే ప్రపంచ మేధో సంపత్తి సంస్థ దగ్గర యూడీఆర్పీ ఫిర్యాదు ఫీజే కనీసం 1,500 డాలర్లు, మన లెక్కలో లక్ష దాటుతుంది. అదే ట్రేడ్‌మార్క్ దరఖాస్తుకు వ్యక్తులు, చిన్న సంస్థలు ఆన్‌లైన్‌లో ఒక తరగతికి కట్టేది 4,500 రూపాయలు. మన రాష్ట్రం చెన్నై ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ కిందికి వస్తుంది. ఆ పేరు ఇంకెవరికైనా ఉందేమో ఆన్‌లైన్‌లో ఉచితంగానే వెతకవచ్చు. డొమైన్ కొనే ముందు చేయాల్సిన పని ఇది. ట్రేడ్‌మార్క్ లేనివాళ్లకూ దారి మూసుకుపోలేదు. పేరు ఎన్నేళ్లుగా వాడుతున్నదీ, దానికి ఎంత గుర్తింపు వచ్చిందీ చూపే పాత బిల్లులు, ఇన్‌వాయిస్‌లు, ప్రకటనలు ఉంటే పాసింగ్ ఆఫ్ దావా వేయవచ్చు. అది జిల్లా కోర్టుకు తక్కువ కాని కోర్టులోనే వేయాలి.