కొమ్మ కోసిన చోట మందెందుకు పూయలేదంటే

పిలకాయలూ,

పోయిన శనివారం మీ బడిలో వేపచెట్టు ఎక్కినప్పుడు, అడ్డంగా కట్టిన తాడు అవతల నిలబడి మీరు అడిగిన వాటికి పైనుంచి బదులు చెప్పలేకపోయాను. కోత మిషన్ మోతలో సగం మాటలు వినపడనే లేదు, నేను దిగేసరికి బెల్లు కొట్టేశారు. ఒక పాప మాత్రం గేటు దాకా వెంట వచ్చి, "తాతా, అంత పెద్ద కొమ్మ కోసేశావు గదా, దానికి మందు పూయవా?" అని అడిగింది. మీ సారు కూడా అప్పటికే డబ్బాలో తారు తెప్పించి పెట్టారు, నేనే వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో గేటు దగ్గర నిలబడి రెండు ముక్కల్లో చెప్పేది కాదు, అందుకే ఈ ఉత్తరం.

మీ మోకాలు దోక్కుపోతే ఏమవుతుంది? నాలుగు రోజులకు చెక్కు కడుతుంది, రాలిపోతుంది, కింద కొత్త చర్మం వచ్చేస్తుంది. చెట్టుకు అట్టా కుదరదు. దెబ్బ తగిలిన కట్టెను అది బాగుచేసుకోలేదు, దాని చుట్టూ లోపల గోడలు కట్టుకుని, కుళ్ళు ఆ గోడ దాటి రాకుండా చూసుకుంటుంది, బయట కొత్త కట్టె అంచులాగా పెరిగి కొన్నేళ్ళకు ఆ గాయాన్ని మూసేస్తుంది. మూసేస్తుందే గానీ లోపల ఆ దెబ్బ చెట్టు బతికినన్నాళ్ళూ ఉంటుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షిగో అనే ఆయన వేలాది చెట్లను నిలువునా కోసి చూసి ఈ సంగతి లోకానికి చెప్పాడు. గాయానికి పూసే రంగులూ తారూ కుళ్ళును ఆపవని కూడా ఆయనే చూపించాడు. పైన తారు పూస్తే మన కంటికి నిండుగా కనపడుతుంది, లోపల చెట్టుకు దాంతో ఒరిగేదేమీ లేదు. కాబట్టి మందు పూయడం కంటే కోత ఎక్కడ పెట్టామన్నదే ముఖ్యం. నా పనంతా అందులోనే ఉంది.

ఈసారి ఏ చెట్టు దగ్గరికి వెళ్ళినా కొమ్మ మాను నుంచి బయలుదేరే చోట చెయ్యి పెట్టి తడమండి. అక్కడ కొంచెం ఉబ్బెత్తుగా, ముడతలు పడి మెడలాగా ఉంటుంది. ఆ మెడ మానుది, కొమ్మది కాదు. గాయాన్ని మూసే కొత్త కట్టె అక్కడి నుంచే పుట్టుకొస్తుంది. మెడతో సహా మానుకు సమంగా నున్నగా కోసేస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ చెట్టు చేతులు విరిచినట్టే. మరీ ఎడంగా మూరెడు మొండెం వదిలేస్తే అది ఎండి, పుచ్చి, ఆ పుచ్చు లోపలికి దారి చేసుకుంటుంది. మెడను వదిలి, దాని అంచునే కోయాలి.

పెద్ద కొమ్మయితే ఒక్క కోతతో తియ్యకూడదు. ముందు మానుకు ఒక అడుగు దూరంలో కింది వైపు నుంచి పైకి కొంత కోస్తాం. ఆ తర్వాత దానికి కాస్త అవతలగా పైనుంచి కోస్తే కొమ్మ విరిగి పడిపోతుంది, బరువంతా పోతుంది. చివరికి మిగిలిన మొండాన్ని మెడ అంచున నిదానంగా తీస్తాం. మీరు చూశారు గదా, వంటగది రేకులకు రాసుకుంటున్న కొమ్మను తియ్యడానికి మూడుసార్లు మిషన్ పెట్టాను. పనిలో చేరిన కొత్తలో నాకిది తెలియదు. కందుకూరు వైపు ఒక ఊళ్ళో ఇంటి ముందున్న చింతచెట్టు కొమ్మను పైనుంచి ఒకే కోత కోశాను. సగం తెగేసరికి అది బరువుకు వంగి, మాను మీద బెరడును నాలుగడుగుల పొడవున పట్టుకుని చీల్చుకుంటూ కిందికి పోయింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆరేడేళ్ళ తర్వాత అటు వెళ్ళినప్పుడు చూస్తే ఆ చీలిక వెంబడి పెద్ద తొర్ర పడింది. ఆ ఇంటి పెద్దావిడ నన్ను గుర్తుపట్టి మజ్జిగ ఇచ్చింది, ఒక్క మాట అనలేదు, నాకు మాత్రం ఆ మజ్జిగ గొంతు దిగలేదు.

నేను ఈ పనిలోకి వచ్చింది తుఫాను వల్ల. 1989 నవంబరులో కావలి దగ్గర తుఫాను తీరం దాటినప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. తెల్లారి చూస్తే దారులన్నీ చెట్లే. ఇద్దరు పట్టే రంపాలు, గొడ్డళ్ళు తీసుకుని ఊరి మగవాళ్ళంతా దిగారు, మా మేనమామ వెంట నేనూ వెళ్ళాను. కోస్తూ కోస్తూ ఒకటి గమనించాను, వేళ్ళతో సహా పెళ్ళగిలిన వాటిలో చాలా చెట్లకు ఒక పక్క వేళ్ళు ఎప్పుడో తెగిపోయి ఉన్నాయి, కాలువ తవ్వారనో గోడ కట్టారనో. వేళ్ళంటే పాతాళం దాకా పోతాయని అనుకుంటాం గానీ ఎక్కువ భాగం పైన రెండడుగుల మట్టిలోనే, కొమ్మల నీడ కంటే కూడా దూరం పాకి ఉంటాయి. అందుకే మీ సారుతో చెప్పాను, వేపచెట్టు చుట్టూ సిమెంటు అరుగు వెయ్యాలనుకుంటున్నారట, మాను నుంచి బాగా ఎడంగా, మట్టి ఊపిరి పీల్చుకునేటట్టు వదలమని. మీరు కూడా గుర్తుచేయండి.

మన వైపు వానలూ వాయుగుండాలూ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గదా, అందుకే ఆగస్టు, సెప్టెంబరులో నాకు చేతినిండా పని. అప్పుడందరూ భయపడి "తల తీసేయ్" అంటారు. నేను ఒప్పుకోను. తల నరికితే చెట్టు ఆకలితో గుబురుగా చిగుళ్ళు తోస్తుంది, అవి చర్మానికి అతికించినట్టు పైపైన పుట్టినవి, నాలుగేళ్ళలో లావై అసలు కొమ్మల కంటే తొందరగా విరిగిపడతాయి. ఆకు చెట్టుకు వంట చేసిపెడుతుంది, ఒక్కసారిగా పావు వంతుకు మించి తీస్తే దాని నోటికాడ కూడు లాక్కున్నట్టే. కొంతమంది "కూలి వద్దు, కట్టె నువ్వే తీసుకో" అని బేరం పెడతారు. ఆ బేరం నాకు గిట్టదు. కట్టె కోసం ఎక్కినవాడికి చెట్టులో కట్టే కనపడుతుంది, ఉంచాల్సిన కొమ్మ కనపడదు. మొదలంటా కొట్టమంటే అది ఇంకో లెక్క, నీటినీ నేలనీ చెట్లనీ కాపాడే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చాలా చెట్లకు అనుమతి కాగితం కావాలి, అది చూశాకే గొడ్డలి తీస్తాను.

ఇక తాళ్ళ సంగతి. మీలో ఎక్కువ మంది అడిగింది అదే. ముందుగా ఇసుక సంచి కట్టిన సన్నటి తాడును గట్టి కొమ్మ మీదుగా విసురుతాను, దాని వెంట అసలు తాడు లాగుతాను. నా నడుముకున్న పట్టీకీ ఆ తాడుకూ మధ్య ఒక చిన్న తాడు చుట్లు చుట్టి ఉంటుంది, ప్రూసిక్ ముడి అంటారు, కార్ల్ ప్రూసిక్ అనే ఆస్ట్రియా పర్వతారోహకుడి పేరు. చేత్తో జరిపితే జరుగుతుంది, బరువు పడితే బిగుసుకుపోతుంది. రెండు చేతులూ వదిలినా నేను జారను. ముళ్ళున్న ఇనుప బూట్లు మాత్రం బతికున్న చెట్టుకు వాడను, ప్రతి అడుగూ ఒక గాయమే. మీరు ఆశ్చర్యపోయిన ఇంకో సంగతి, అంత కొమ్మను కింద ఒక్క మనిషి ఎట్టా దించాడని. తాడును మాను మొదలుకు మూడు చుట్లు చుట్టాడు, ఆ రాపిడే బరువును మోస్తుంది, అతను కొంచెం కొంచెంగా వదులుతూ పోతాడు. అడ్డం అర మీటరు, పొడవు మీటరు ఉన్న పచ్చి మొద్దు దాదాపు 200 కిలోలు తూగుతుంది, చేతులతో ఆపే సరుకు కాదు.

మిషన్ చూసి ముచ్చటపడ్డారు. దాని బ్లేడు ముక్కు పైభాగం కట్టెకు తగిలితే కళ్ళు మూసి తెరిచేలోగా మొహం మీదికి ఎగురుతుంది. ఒంటి చేత్తో పట్టుకోను, భుజం కంటే ఎత్తులో కోయను, నిచ్చెన మీద నిలబడి అసలు ఆన్ చేయను. అంతకంటే పెద్ద భయం కరెంటు తీగలు. 11 కేవీ, అంటే 11 వేల వోల్టుల తీగను తాకనక్కర్లేదు, తడి కొమ్మ దాని దగ్గరికి ఒరిగినా చాలు. లైన్‌మ్యాన్‌ వచ్చి లైను ఆపి, ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే తీగలో కరెంటు లేదన్న హామీ) ఇచ్చానని నా ఎదురుగా చెబితే తప్ప చెట్టు మీద చెయ్యి వెయ్యను. గాలిపటం తీగల్లో చిక్కుకుందని మీలో ఒకరు కొమ్మ ఎక్కారని విన్నాను. నాయనా, గాలిపటం పోతే పోనీ.

పైన పని పొద్దున్నే. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక కొమ్మ ఎటు పోతుందో చెప్పలేం, అందుకే దిగేస్తాను. ఎక్కేముందు కందిరీగల గూడు ఉందా, తొర్రలో పాముందా, పిట్టలు గుడ్లు పెట్టి ఉన్నాయా అని చెట్టు చుట్టూ రెండుసార్లు తిరుగుతాను. మీ వేపకు దక్షిణం వైపు చిటారున కాకి గూడుంది, ఆ కొమ్మ ఎందుకు వదిలేశానో ఇప్పుడు తెలిసింది గదా.

2021లో వేపచెట్లు కొసల నుంచి మాడిపోయాయని మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం తెచ్చిన తెగులు అది. చచ్చిపోయాయనుకుని కొట్టించినవాళ్ళున్నారు. నన్ను పిలిచిన చోటల్లా ముందు ఎండిన రెమ్మను గోటితో గీరి చూపించాను, బెరడు కింద పచ్చగా తడిగా ఉంటే బతికున్నట్టే. చాలా చెట్లు మళ్ళీ చిగిర్చాయి.

ఆ పాపకు చెప్పండి, సంక్రాంతి సెలవులయ్యాక బడికి వచ్చినప్పుడు వంటగది పక్కన నేను కోసిన చోటు చూడమని. వానలు పడి ఉంటాయి కాబట్టి కోత చుట్టూ లేత రంగులో సన్నటి అంచు లేస్తూ ఉండాలి. అది ఎంత మందం ఉందో స్కేలు పెట్టి కొలిచి, గోడ మీద తేదీ వేసి రాసిపెట్టండి. ఏడాది తర్వాత నేను వచ్చినప్పుడు మళ్ళీ కొలుద్దాం.

మీ
చెట్ల తాత