ఇంట్లోవాళ్లు షాపు పెట్టినప్పుడు: అపోహలు – వాస్తవాలు

మొన్న శనివారం సాయంత్రం ఒక జంట ఆఫీసుకొచ్చారు. ఆమె చీరల షాపు పెట్టి ఏడాదిన్నర అయింది. ఆయనది ఉద్యోగం. కుర్చీలో కూర్చోకముందే ఆయన అడిగేశారు: "నెలకి లక్షా ఇరవై వేల అమ్మకం ఉంది మేడమ్. మరి విజయవాడ వస్త్రలత హోల్‌సేలు మార్కెట్ వాళ్ల బాకీ ఎందుకు తీరట్లేదు? డబ్బంతా ఎటు పోతోంది?" ఆమె మాట్లాడలేదు. పమిట అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

వ్యాట్ వచ్చిన 2005 నుంచి తెనాలిలో చిన్న షాపుల లెక్కలు చూస్తున్నాను. ఈ ప్రశ్న అడగని నెల లేదు. ఒక్కోసారి భర్త అడుగుతాడు, ఒక్కోసారి భార్య. ఇద్దరిలో ఎవరూ తప్పు చేసి ఉండరు. ఇద్దరూ ఒకే అపోహలో ఉంటారు, అంతే.

అపోహ: గల్లాపెట్టెలో ఉన్నది మన డబ్బే

ఆ రోజు వాళ్ల ముందే కాగితం మీద వేసి చూపించిన లెక్క ఇది. రోజుకి 4,000 అమ్మకం. వాళ్లు 70 రూపాయలకి కొన్నది 100కి అమ్ముతున్నారు. అంటే ఆ 4,000లో 2,800 సరుకుది. దాంతో మళ్లీ సరుకు తేవాలి, లేదా అరువు తీర్చాలి. మిగిలింది 1,200. నెలకి అద్దె 12,000, షాపులో అమ్మాయి జీతం 9,000, బ్యాంకు వడ్డీ 3,000, కరెంటు 2,000, కవర్లూ రవాణా 2,000. మొత్తం 28,000. రోజుకి వేస్తే 930 పైమాటే. ఇక ఇంటికి మిగిలేది రోజుకి 270 రూపాయలు కూడా లేదు.

ఇంటికి రోజుకి ఎంత తీస్తున్నారని అడిగాను. పాలు, కూరలు, గ్యాస్ బండ, పిల్లాడి ట్యూషన్ ఫీజు... ఆమె వేళ్ల మీద లెక్కపెట్టి "ఐదొందల దాకా ఉంటుందండీ" అంది.

దొంగ ఎవరూ లేరు. వచ్చేది నెలకి 8,000, తీసేది 15,000. తేడా 7,000 ఎక్కడి నుంచి వచ్చింది? అరల్లోంచి. ఏడాదికి 84,000 రూపాయల సరుకు అలా కరిగిపోయింది. ఏడాదిన్నరకి 1,26,000. నాలుగు లక్షల సరుకుతో మొదలైన షాపులో ఇప్పుడు 2,74,000 సరుకే ఉంది. అది కంటికి కనబడదు, ఎందుకంటే అమ్ముడుపోని పాత చీరలు అరల్ని నిండుగానే ఉంచుతాయి. కొత్త డిజైన్లు రాకపోయేసరికి వచ్చినవాళ్లు చూసి వెళ్లిపోతారు, గిరాకీ తగ్గుతుంది. అప్పుడు బంగారం తాకట్టుకి వెళ్తుంది. నేను చూసిన షాపుల్లో ఎక్కువ మూతపడింది ఇలాగే. పోటీ వల్లా కాదు, ఆషాఢంలో తెరిచినందువల్లా కాదు. ముహూర్తం మీద నింద వేసే చుట్టాల మాట దయచేసి వినకండి. మూఢంలో బట్టల షాపు ఖాళీగా ఉండటం, శ్రావణంలో నిండటం మామూలే. ఒక్క నెల చూసి భయపడిపోయి ఆమెనో ఆయన్నో నిలదీయకండి.

దీనికి రెండో ముఖం ఉంది. అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది ప్రేమలోంచి వస్తుంది. గల్లాలోంచి తీయడం కాదు, చెప్పకుండా గల్లాలో పోయడం.

అది నేను చేశాను. మా ఆయన ఉద్యోగం మానేసి స్టేషనరీ, ఫ్యాన్సీ షాపు పెట్టారు. జూన్, జులైలో నోటు పుస్తకాలకి నిలబడటానికి చోటు లేనంత జనం. ఆగస్టు చివరికి ఎవరూ లేరు. ఆయన రాత్రి షట్టర్ దించి వచ్చి సరిగ్గా అన్నం తినేవారు కాదు. చూడలేక, డిస్ట్రిబ్యూటర్ బిల్లులు మూడు నెలలవి నా ఖాతాలోంచి కట్టేశాను. ఆయనకి చెప్పలేదు. బాకీ లేదు, చేతిలో డబ్బు ఉంది, షాపు నిలదొక్కుకుందని ఆయన నమ్మారు. నమ్మి దసరాకి ఫ్యాన్సీ సరుకు రెట్టింపు తెచ్చారు. సగం మిగిలిపోయింది. సంగతి తెలిశాక ఆయన అరవలేదు. "నా షాపు నిజంగా ఎలా ఉందో నాకే తెలియకుండా చేశావు" అన్నారు. ఇరవై వేల నష్టం కంటే ఆ మాట ఎక్కువ రోజులు బాధపెట్టింది.

మీరు డబ్బు పెట్టొద్దని నేను అనడం లేదు. పెట్టండి. కానీ పెట్టిన ప్రతి రూపాయీ "ఇంటి నుంచి వచ్చింది" అని తారీఖుతో రాయాలి. షాపుకి వేరే బ్యాంకు ఖాతా తెరవండి. షాపు చూసుకునే మనిషికి నెల జీతం కట్టండి, 6,000 అయినా సరే. ఇంటికి డబ్బు ఆ జీతంలోంచే రావాలి, అది కూడా నెలకి ఒక్కసారే. షాపులోంచి సబ్బు తెచ్చుకున్నా, చీర కట్టుకున్నా కొన్న ధర రాయండి. మూడు నెలలకోసారి ఒక ఆదివారం ఇద్దరూ కూర్చుని సరుకు లెక్కపెట్టండి. నిజమైన తోడు అక్కడ కనిపిస్తుంది. మా ఇంట్లో ఆ లెక్క చూశాకే ఫ్యాన్సీ తీసేసి జిరాక్స్ మిషను పెట్టారు.

అపోహ: యూపీఐ తీసుకుంటే జీఎస్టీ నోటీసు వస్తుంది

2025 జులైలో కర్ణాటకలో చిన్న వ్యాపారులకి నోటీసులు వచ్చాక, ఇక్కడ చాలామంది క్యూఆర్ స్టిక్కర్లు పీకేశారు. ఎవరు పుట్టిస్తారో ఈ పుకార్లు! చట్టం చూసేది ఏడాది మొత్తం అమ్మకాన్ని. అది నగదైనా ఒకటే, ఫోన్‌పే అయినా ఒకటే. రాష్ట్రంలోపల సరుకు మాత్రమే అమ్మేవాళ్లకి రిజిస్ట్రేషన్ హద్దు ఆంధ్రలో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. హైదరాబాద్‌లో షాపు పెట్టి, విజయవాడ బావగారి సలహా విని 40 అనుకునేవాళ్లు జాగ్రత్త. పక్క రాష్ట్రానికి అమ్మితే ఆ హద్దు వర్తించదు. అన్నిటికంటే ముందు క్యూఆర్ ఎవరి ఖాతాకి ఉందో చూసుకోండి. భార్య షాపులో భర్త జీతం ఖాతా క్యూఆర్ అంటిస్తే, రేపు అడిగినప్పుడు జీతమేదో, చీటీ డబ్బేదో, అమ్మకమేదో విడదీసి చూపించడానికి నా దగ్గరికే రావాలి. అప్పుడు నా దగ్గరా మంత్రం ఉండదు.

అపోహ: హామీ సంతకం ఫార్మాలిటీ

కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, వేరే షరతు రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాళ్లకి ఎంత బాధ్యతో హామీ ఉన్నవాళ్లకీ అంతే. బ్యాంకు ముందు వాళ్లని అడిగి తర్వాతే మీ దగ్గరికి రావాలని లేదు. చెక్కు సంగతీ అంతే. షాపు ఆమెదైనా చెక్కు మీది అయితే, బౌన్సు కేసులో నిలబడేది సంతకం పెట్టిన మీరే. హోల్‌సేలు వాళ్లకి ఖాళీ చెక్కులు ఇవ్వకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. చిన్న వ్యాపారాలకి బ్యాంకులు ఇచ్చే ముద్రా అప్పే, సబ్సిడీ కాదు. తాకట్టు అడగరు గానీ తిరిగి కట్టాలి. ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారంగా కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు, ఉచితం. దానికి రెండు వేలు తీసుకున్నవాళ్ల సంగతి నాకు చెప్పకండి, కోపం వస్తుంది. భార్య పేరున పెడితే పన్ను తప్పుతుందన్నది కూడా అపోహే. మీరు ఊరికే ఇచ్చిన డబ్బు పెట్టుబడి అయితే, దాని వాటా లాభం మీ ఆదాయంలోనే కలుస్తుంది.

శనివారం వచ్చిన ఆమె వెళ్లేముందు తలుపు దగ్గర ఆగి, "అయితే షాపు మూసెయ్యాలా అండీ?" అని అడిగింది. అక్కర్లేదమ్మా అన్నాను. లక్షా ఇరవై వేల అమ్మకం తెచ్చిన చేయి నీది. ముందు ఆ పాత చీరలు కొన్న ధరకి దగ్గర్లో అమ్మేసి, వచ్చిన డబ్బుతో శ్రావణానికి కొత్త సరుకు తెచ్చుకో. ఇంటికి పాలూ కూరలూ మూడు నెలలు ఆయన జీతంలోంచి రానీ. ఆయన తలూపి, కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఆమె ఆ కాగితం అడిగి తీసుకుని తన సంచిలో పెట్టుకుంది.