ఫ్లోరైడ్ గడిలో అంకె: 1937 నుంచి నేటి కుళాయి దాకా

ఊరి నీటి పరీక్ష రిపోర్టులో ఫ్లోరైడ్ ఎదురుగా 1.4 అని ఉంది. పక్కనే ‘పరిమితి లోపల’ అని రాశారు. మరి ఆ నీళ్లు మంచివేనా? ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే గానీ దీనికి జవాబు చెప్పలేం.

నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లను, ఎముకలను దెబ్బతీసే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాని మీద తొలి వైద్య నివేదిక 1937లో వచ్చింది, అదీ మన నేల గురించే. షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి వైపు జనాన్ని పరీక్షించి రాశారు. అంతకు ముందే ఎడ్లు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం రైతులు గమనించారని చెబుతారు. 1955లో నల్గొండ జిల్లా రోగుల గురించి సిద్దిఖీ అనే వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. గారపళ్లు, వంగిన నడుములు, కూర్చుంటే లేవలేని మనుషులు ఆనాడే కాగితం మీదికి ఎక్కారు. కానీ ఆ కాగితం లండన్ దాకా వెళ్లింది గానీ, ఆ బావి నీళ్లు తోడుకునే ఇంటికి చేరలేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ఇక అంకె సంగతి. తాగునీటికి మన ప్రమాణం ఐఎస్ 10500. మొదట 1983లో వచ్చింది, 2012లో సవరించారు. దాని ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాకా సరే. 1.5 దాకా ఒప్పుకునేది వేరే నీళ్లు దొరకని చోట మాత్రమే. రిపోర్టులో ఈ షరతు రాలిపోయి ఉత్త ‘పరిమితి’ మిగులుతుంది. అందుకే 1.4 చూసి నిశ్చింతగా ఉండకూడదు, ఇంతకంటే మంచి నీళ్లు మా ఊరికి ఎందుకు రావడం లేదని అడగాలి. అన్నట్టు, మరగబెడితే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది.

2019లో ఊళ్లలో ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ ప్రకటించాక ఊళ్లలో మహిళలకు కిట్లిచ్చి పరీక్ష నేర్పారు, ఫలితాలు ఆన్‌లైన్‌లో పెట్టడం మొదలైంది. ఫ్లోరైడ్ పరీక్షలో నీళ్లలో మందు కలిపితే గులాబీ ఎరుపు వస్తుంది. ఫ్లోరైడ్ ఎక్కువయ్యే కొద్దీ అది పసుపులోకి దిగుతుంది. ఆ రంగును అట్ట మీది రంగులతో పోల్చి అంకె రాస్తారు. అది కంటి అంచనా. అనుమానం వస్తే ల్యాబ్‌కు పంపాల్సిందే. కాబట్టి రిపోర్టులో ఉన్నది కిట్ ఫలితమా, ల్యాబ్ ఫలితమా అన్నది ముందు చూడాలి.

ఆ తర్వాత చూడాల్సింది నమూనా ఎక్కడ పట్టారన్నది. బోరు దగ్గరా, ట్యాంకు దగ్గరా, చివరి వీధి కుళాయి దగ్గరా? 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు తాగి ప్రాణాలు పోయాయి. శుద్ధి చేసిన చోట బాగున్న నీళ్లు పైపులో పాడవుతాయి. తేదీ, చోటు లేకుండా ‘బాగున్నాయి’ అని రాస్తే అది ఏ ఇంటికీ వర్తించదు. అవి రాయకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక, 2020 నాటికి కేంద్రం రికార్డుల్లో తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత గ్రామాల సంఖ్య సున్నా అయింది. ఇది చిన్న విజయం కాదు, తరాల కష్టం తీర్చిన పని. అయితే ఆ సున్నా పైపులో వచ్చే నీళ్లది. రాతి పొరల్లో ఫ్లోరైడ్ అలాగే ఉంది. ఎండాకాలం మోటారు కాలిపోయి నాలుగు రోజులు నల్లా రాకపోతే బిందె మళ్లీ పాత చేతిపంపు కిందికే వెళ్తుంది. మీ ఊరి రిపోర్టు చేతికి వస్తే అందులో ఆ చేతిపంపు పేరు ఉందేమో చూడండి.