అయస్కాంత ఫిలింలలో పొరల అంచు: అపోహలు - వాస్తవాలు

అపోహ: రెండు పొరల మధ్య గీత గీసినట్టుంటేనే మంచి అయస్కాంతం.
పోచంపల్లి, పుట్టపాక చిటికి పనిలో కట్టు కిందికి రంగు కాస్త పాకి పువ్వు అంచు మసకబారుతుంది కదా! సమారియం-కోబాల్ట్ (అయస్కాంత దిశ సులువుగా మారని గట్టి పొర) మీద ఇనుము (సులువుగా మారే మెత్తటి పొర) వేసిన ఫిలింలో ఆ మసకే మేలు చేస్తుంది. మితంగా వేడిచేస్తే కోబాల్ట్ ఇనుములోకి, ఇనుము కోబాల్ట్ స్థానాల్లోకి జరుగుతాయి. గట్టి పొర నుంచి మెత్తటి పొరకు మార్పు మెట్టులా కాక వాలులా వస్తుంది. అందుకే ఎదురు దిశలో అయస్కాంత క్షేత్రం పెట్టినా ఇనుము అయస్కాంత దిశ తొందరగా తిరగబడదు. అయితే పాకుడు కొన్ని నానోమీటర్లు దాటితే పువ్వే మిగలదు, అంటే పొరలే మిగలవు.

అపోహ: ఎనీలింగ్‌లో (ఫిలింను వేడిచేయడంలో) గడియారం చూసుకుంటే చాలు.
అసలు దెబ్బ వేడితోనే. డిఫ్యూజన్ దూరం (అణువులు పాకే దూరం) కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది: 10 నిమిషాలను 20 చేస్తే 1.4 రెట్లే. యాక్టివేషన్ శక్తి (అణువు చోటు మారడానికి కావాల్సిన శక్తి) 2 ఈవీ (ఎలక్ట్రాన్ వోల్టులు) అనుకోండి, 550 డిగ్రీల సెల్సియస్ 600 అయితే డిఫ్యూజన్ గుణకం (పాకే వేగానికి కొలత) 5 రెట్లు, దూరం 2.2 రెట్లు. థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగ) హీటర్ దిమ్మెలో ఉండి, ఫిలిం వేసిన సిలికాన్ ముక్క క్లిప్పు కింద సరిగ్గా ఆనకపోతే వ్యాక్యూమ్‌లో 50 డిగ్రీల తేడా వింతేమీ కాదు. క్లిప్పు మార్చిన రోజు పాత రెసిపీని నమ్మకండి.

అపోహ: పాలమూరు ఎండలకు బీరువాలోని శాంపిల్ పొరలు కలిసిపోతాయి.
అదే లెక్కన 45 డిగ్రీల దగ్గర డిఫ్యూజన్ గుణకం 600 దగ్గరి కన్నా సుమారు 10²⁰ రెట్లు తక్కువ. ఎండను వదిలేసి గాలికి భయపడండి. పైన టాంటలం లోహపు మూత లేని నియోడిమియం ఫిలిం తుప్పు పడుతుంది.

అపోహ: ఫిలిం కింద అడ్డుగా టాంటలం వేశాం, ఇక సిలికాన్‌తో బాధ లేదు.
ఆ పొరలోని రేణువుల అంచులే దొడ్డిదారులు. అందుకే ఆక్సైడ్ పెంచిన సిలికాన్ మీదే టాంటలం వేయాలి. ఆక్సైడ్ లేకుంటే, ఆ దారుల్లో దిగిన ఇనుము సిలికాన్‌తో కలిసి సిలిసైడ్ అయిపోతుంది.

అపోహ: హిస్టరిసిస్ లూప్‌లో (క్షేత్రంతో అయస్కాంతత్వం మారే తీరు చూపే గీతలో) రెండు పొరలు విడివిడిగా తిరగబడితే వచ్చే మెలిక పోయింది, అంటే పొరలు జతకట్టాయి.
ఇనుమంతా వేరే ఫేజ్‌లో (వేరే సమ్మేళనంలో) కరిగిపోయినా మెలిక పోతుంది. తీర్పు చెప్పే ముందు మొత్తం మొమెంట్ (ముక్క మొత్తం అయస్కాంత బలం) చూడండి. 5 మిల్లీమీటర్ల చదరపు ముక్క మీద 10 నానోమీటర్ల ఇనుము ఇవ్వాల్సింది సుమారు 0.00043 ఇఎంయూ (మొమెంట్ కొలమానం). వేడి ముందు, తర్వాత అదే ముక్కను కొలవండి. మొమెంట్ కూడా తగ్గిందా, జత కుదరడం మాట అటుంచి, ముందు టెమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) కింద చూసే పలుచటి అడ్డకోతలో ఇనుము ఎక్కడుందో వెతకండి.